చేతికివ్వని కాగితం

ఆగస్టు 4, సోమవారం

బ్యాంకు నుంచి కబురు. రిటైరై పదకొండేళ్ళయింది — ఇప్పుడు గుర్తొచ్చాను. ప్రొద్దుటూరు బ్రాంచి రికార్డు రూములో ఏ మూట ఎక్కడుందో ఇప్పుడున్నవాళ్ళలో ఒక్కడికీ తెలియదట. ఓబుల్ రెడ్డిగారూ, మీరు వస్తే తప్ప కాదు అని మేనేజరు ఫోనులో బతిమాలాడు. కాదని నాకు ముందే తెలుసు. పేరుకు అటెండరునే గాని ముప్పై ఒక్క ఏడు ఆ రూము నాది.

పోయాను. బూజు. ఎలుకల కంపు. నేను కట్టిన మూటలు కట్టినట్టే ఉన్నాయి — ఎర్రగుడ్డ, నా ముడి. నా తర్వాత వచ్చినవాళ్ళు కట్టినవి ముట్టుకుంటే ఊడిపోతున్నాయి.

అడిగింది ఒక ఆడమనిషి. వసుధ. గుంటూరు వైపు పిల్ల. హైదరాబాదులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. ఇంగ్లండూ మన దేశమూ ఒకదానితో ఒకటి ఎట్లా మెలిగాయో పాత బ్యాంకు కాగితాలు పట్టుకుని రాస్తోందట. యుద్ధాలూ రాజులూ అందరూ రాశారట, బ్యాంకు ఉత్తరాలు ఎవరూ తెరవలేదట. తాతగారూ, మిమ్మల్ని శ్రమ పెడుతున్నామండీ అంది.

‘శ్రమ లేదు గిమ లేదు. ఏం గావాల్నో సెప్పు’ అన్నాను.

ఒక అడుగు వెనక్కి వేసింది. తిట్టాననుకుంది. మేనేజరు నవ్వి — ఇది పలకరింపు మేడమ్, తిట్టు వేరే ఉంటుంది అన్నాడు.

మద్రాసు నుంచి వచ్చిన మిషన్ పెట్టెలు కావాలంది.

నిచ్చెన మీద ఉన్నాను. ఒక మెట్టు దిగాను. మళ్ళీ ఎక్కాను.

ఆగస్టు 5, మంగళవారం

రెండు పెట్టెలు దించాను. మూడోది కనపడలేదని చెప్పాను. కనపడింది.

ఆగస్టు 7, గురువారం

ఉత్తరాలు చదువుతోంది. తెలుగులో నాకు చెబుతోంది. నేను తల ఊపుతున్నాను, ఇవన్నీ ఎప్పుడో చదివినవాడి మాదిరి. నాకు ఇంగ్లీషు రాదని ముప్పై ఒక్క ఏడూ ఎవరికీ తెలియనివ్వలేదు. గుడ్డ రంగు చూసి, ముడి చూసి, లక్క ముద్ర చూసి ఏది అడిగితే అది తీసిచ్చాను. ఒక్కసారి తప్పలేదు.

చర్చీ ఆసుపత్రీ నడిపిన జమ్మలమడుగు మిషన్ దొరల వ్యవహారమంతా మద్రాసులో ఒక తెల్లోళ్ళ బ్యాంకు చూసేది. ఆ బ్యాంకు పోయి మా బ్యాంకులో కలిసినప్పుడు పెట్టెలు ఇక్కడికి పంపారు. లండన్ నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి జమ్మలమడుగుకు, తిరిగి అదే దారిలో — ఉత్తరాలు. లండన్‌లో కూర్చున్నవాడు ప్రతి ఉత్తరంలో మొదట వాన పడిందా అని అడుగుతాడు. వాన లేకపోతే ఆసుపత్రి నిండుతుందని వాడికి అక్కడే తెలుసు. ఒక దొరసాని రాసిందట — ఇక్కడి ఆడవాళ్ళు నన్ను అడుగుతున్నారు, మీ దేశంలో అంత వాన పడుతుంటే ఈ ఎండలోకి ఎందుకొచ్చినావమ్మా అని, ఏం చెప్పాలో తెలియలేదు అని. వసుధ నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత వేలిముద్రలు.

ఇవి నాకు తెలుసు. వేలిముద్రకు భాష లేదు. తెల్లోళ్ళ మొదటి యుద్ధానికి మిషన్‌ను ఆనుకుని ఉన్న చర్చివాడ మగవాళ్ళు ఇరాకులోని బస్రా పోయారు, మూటలు మోయడానికి. కొందరు రాలేదు. వాళ్ళ పెళ్ళాలకు పింఛను. ఏటా ఒకసారి, బతికే ఉన్నానని వేలిముద్ర వేస్తే ఆ కాగితం ఓడ ఎక్కి లండన్ పోవాలి. ఒక ఆమెవి ఏళ్ళ తరబడి ఉన్నాయి. రానురాను ముద్రలో గీతలు లేవు. నల్లటి మచ్చ. ఈమె ఆమేనా అని లండన్‌వాడు అడిగాడు. ఆమే, పని చేసి చేసి వేలు అరిగింది అని మద్రాసువాడు రాశాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ రాశాడు.

వసుధ ఆ కాగితం చాలాసేపు పట్టుకుంది. మూడో పెట్టె దొరికిందా తాతగారూ అంది.

వెతుకుతాండానమ్మా అన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

మోకాలు నొప్పి అని కబురు పంపాను. మోకాలు బాగానే ఉంది.

ఆగస్టు 11, సోమవారం

నేను లేని రోజు కొత్త అటెండరు మూడో పెట్టె దించాడు. బీరువా వెనకే ఉంది సార్ అని నాకే చెబుతున్నాడు, ఏదో గొప్ప పని చేసినట్టు. బాగా చేసినావు అన్నాను.

మూడో పెట్టెలో ఉత్తరాలు వసుధ చదివి చెప్పింది. ఇదీ సంగతి. రాస్తాను.

స్వతంత్రం వచ్చాక మిషన్ దొరలు పోతూ పోతూ పెన్నా ఒడ్డు చేను చర్చివాడ వాళ్ళకు దానం రాశారు. సంతకాలు చేశారు. అప్పుడు లండన్ నుంచి ఉత్తరం — చేను ఇవ్వండి, కాగితం మాత్రం వాళ్ళ చేతికివ్వకండి, కాగితాలు దాచుకునే అలవాటు ఆ జనానికి లేదు, ఎవడో షావుకారు చేతిలో పెడతారు. అలవాటు అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి, ఇచ్చిన రోజు రిజిస్ట్రీ చేయించండి. అలవాటు అయిందో లేదో తేల్చేది ఎవరు అని మద్రాసువాడు అడిగాడు. దానికి జవాబు లేదు. అంతే. పెట్టె మూసేశారు.

‘ఇచ్చారండీ తాతగారూ. చేతికివ్వలేదు’ అంది వసుధ. తాను రాసే పుస్తకానికి ఈ ఒక్క ఉత్తరం చాలునట.

దానపత్రం పెట్టిన కవరు ఏది అని అడిగింది. పెట్టెలో దాని చోటు ఖాళీ. చుట్టూ ఉన్న కాగితాల మీద దాని అంచులు పచ్చగా అచ్చుపడి ఉన్నాయి.

అప్పుడు చెప్పింది ఎందుకు వచ్చిందో. జమ్మలమడుగు టీచరమ్మ ఒకామె — ఎస్తేరు — తనకు జాబు రాసిందట. చర్చివాడ పెద్ద దేవదానం కూతురు. చేను ఎప్పుడో పోయింది. ఇప్పుడు అక్కడ ప్లాట్లు వేస్తున్నారు, రాళ్ళు పాతారు. మిగిలింది ఒక మూల — వాళ్ళ సమాధులు. వచ్చే నెల పన్నెండున కోర్టులో వాయిదా. ఆ రోజుకు ఏ ఆధారమూ చూపకపోతే సమాధుల మీద కూడా జేసీబీ నడుస్తుంది. ప్లాట్లు వేసేది పులివెందుల పెద్దాయన కొడుకు. పెద్దాయన నాకు పెదనాయన వరస. నా ఉద్యోగం ఆయన పెట్టించిందే.

దేవదానం సమాధి కూడా అక్కడే ఉంది.

విన్నాను. ఎండ శానా ఉందమ్మా, నీళ్ళు తాగు అన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

కవర్లు బయటికి పోయే రిజిస్టరు తీసింది వసుధ. ఆ వరుస దొరికింది. కవరు నంబరు. మిషన్ దానపత్రం. బయటికి తీసుకున్నవారు — సంతకం. తిరిగి వచ్చినది — ఆ గడి ఖాళీ.

‘ఈ సంతకం ఎవరిదండీ?’

‘ఎవురిదో. తెలీదు.’

నాది. తెలుగులో పెట్టింది. ‘ఓ’ కింద పెద్ద కొక్కెం. నా సర్వీసులో సంతకం లేకుండా ఒక్క చీటీ ఆ గడప దాటలేదు. దొంగతనం చేస్తూ కూడా రిజిస్టరు తెరిచి రాసి సంతకం పెట్టి చేశాను. పెట్టకుండా బయటికి అడుగు పడలేదు. అప్పటి మేనేజరుకు చూపించలేదు, ఆయన అడగలేదు. ఆయన పోయి ఏళ్ళయింది.

ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని ఎలుకలు కూడా ముట్టుకోలేదు.

ఆగస్టు 13, బుధవారం

బ్యాంకుకు పోలేదు. పొద్దున్నుంచి అదే.

ఆ కవరు తీసిన ఏడు జమ్మలమడుగు కోర్టులో చేను కేసు నడుస్తోంది. పెద్దాయనకు ఆ చేను కావాలి. పంట కోసం కాదు — ఎదుటి పార్టీవాళ్ళ చేలకు బండిదారి అందులోంచే. అది మూస్తే వాళ్ళు కాళ్ళబేరానికి వస్తారు. చర్చివాడ వాళ్ళకు కాగితం లేదు. దొరసాని ఇచ్చింది అంటారు, అంతే.

దేవదానం బ్యాంకుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు సంచి. గడప బయటే నిలబడ్డాడు. రెడ్డీ, దొరలు పోయేటప్పుడు కాగితం బ్యాంకులో పెట్టినామని మా నాయినతో అన్నారంట, ఒక్కసారి చూస్తావా అన్నాడు. నేను టీ తాగుతున్నాను. లేవలేదు. ఈడ ఏమీ లేదుపో అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. అది ఇక్కడ రాయను.

ఆయన పోయాక వెతికాను. నిజంగా లేదో ఉందో చూద్దామని. ఉంది. కవరు మీద ఇంగ్లీషు కింద తెలుగులో కూడా రాసి ఉంది — చర్చి చేను దానపత్రం. పరిగెత్తి ఉంటే బస్టాండులో దొరికేవాడు.

పరిగెత్తలేదు. వారం తర్వాత పులివెందుల పోయినప్పుడు పెద్దాయన ఇంటి అరుగు మీద నలుగురిలో అన్నాను — వాళ్ళు దేవులాడే కాగితం నా రూములో ఉంది, నా రూములో లేని కాగితం లేదు అని. గొప్పకు. ఎవరూ అడగలేదు. అడిగినవాడికి లేదన్నాను, అడగనివాడికి ఉందని చెప్పాను.

ఆ తర్వాత లింగాల ఊళ్ళో పెద్దాయన కూతురి పెళ్ళి. ఆ పొద్దున కవరు ఆయన చేతిలో పెట్టాను. డబ్బు ఇవ్వలేదు. ఇస్తే నేను తీసుకునేవాణ్ణి కాను. నాకు ఇచ్చింది ఏమంటే — మొదటి బంతి. సర్పంచులు, జీపుల్లో వచ్చినవాళ్ళు, ఎమ్మెల్యే కూర్చునే బంతి. పేద దాయాదిని, అప్పటిదాకా నేను తిన్నదంతా మూడో బంతి — చల్లారిన అన్నం, అడుగంటిన పప్పు. ఆ రోజు పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి తన పక్కన ఆకు ముందు కూర్చోబెట్టాడు. నెయ్యి ఆయనే వెయ్యించాడు.

ఆ అన్నం రుచి ఇప్పటికీ గుర్తుంది. బాగుంది. అబద్ధం ఎందుకు.

ఆగస్టు 15, శుక్రవారం

బ్యాంకులో జెండా. పాత స్టాఫని నన్నూ పిలిచారు. తెల్లవాడు అన్నీ దోచుకుని పోయాడు, మనకు ఏమీ మిగల్చలేదు అని మేనేజరు మాట్లాడాడు. చప్పట్లు. వసుధ కొట్టలేదు. నేను కొట్టాను.

లాడూలు పంచుతుండగా ఒక ఆడమనిషి వచ్చింది. నీలం చీర, కళ్ళజోడు. చెప్పక ముందే తెలిసింది. దేవదానం నుదురు.

‘రెడ్డిగారూ, పెట్టెలు దించింది మీరేనంట. మోకాలు నొప్పితో గూడా వచ్చినారంట. మాకు శానా మేలు చేసినారు’ అంది ఎస్తేరు.

చేతిలో లాడూ ఉంది. నోట్లో ఉంది కొంచెం.

కాగితం దొరకకపోయినా ఫరవాలేదు, ఉండేదని ఒక ఉత్తరం దొరికింది కదా, నాకు అదే ఎక్కువ అంది. కేసు ఓడాక వాడ వాళ్ళంతా తండ్రినే అన్నారట. కాగితం ఉంది ఉందని వీడు ఆశ పెట్టబట్టే రాజీకి ఒప్పుకోలేదు, రాజీ అయివుంటే సగం చేనైనా మిగిలేది అని. కొందరు వీడే అమ్ముకున్నాడన్నారట. తర్వాత పెద్దాయన మనుషులు కొట్టిన దెబ్బల కంటే ఆ మాటలకే నలిగిపోయాడట. పోయేదాకా గుడిలో వెనక బెంచీలోనే కూర్చున్నాడట, వాడ పెద్ద అయి ఉండి.

ఇవి నాకు తెలియవు. దెబ్బలు తెలుసు. ఇవి తెలియవు.

ఆగస్టు 16, శనివారం

పులివెందుల పోయాను. ఇంట్లో ఆమెకు పెద్దాయనను చూసి వస్తానన్నాను. మంచం పట్టినోళ్ళను చూడ్డానికి పోవాలంటే మాత్రం మోకాలు బాగుంటుంది అంది.

పెద్దాయనకు చూపు సరిగా లేదు. గొంతు మాత్రం తగ్గలేదు. గోడ మీద ముగ్గురు నాయకుల ఫోటోలు, మూడు పార్టీలవి. ఒకటి వెనక్కి తిప్పి ఉంది.

‘ఇప్పుడు ఏ పార్టీనప్పా?’ అన్నాను.

‘పొద్దన్నుంచి యాడికీ మారలేదు ఓబులా. నిన్నటిదే.’

నవ్వాడు. నవ్వాను. ఆ కవరు ఏమైందని అడిగాను, ఏదో గుర్తొచ్చినట్టు. కాసేపు ఆలోచించాడు.

‘ఓ, ఆ చర్చోళ్ళదా. ఆ పొద్దే గాడిపొయ్యిలో ఏసిరి గదా. నువ్వు తిన్నె అన్నం దాని మీదనే ఉడికింది. బాగుండ్లా?’

మంచం పట్టీ పట్టుకున్నాను.

‘ఎందుకడుగుతాండావు?’

‘ఊరికే.’

‘ఊరికే అడిగే వయసు గాదు నీది. పిల్లోడు ఆడ ప్లాట్లేస్తాండాడు. నీ ఉద్యోగం ఎవురు పెట్టిచ్చిరో గ్యాపకముంది గదా.’

ఉందన్నాను. బస్సులో ప్రొద్దుటూరు వచ్చేదాకా నాలుక మీద నెయ్యి వాసన.

ఆగస్టు 18, సోమవారం

వసుధకు చెప్పాను. ఆ సంతకం నాదమ్మా అని. మిగిలినదంతా కూడా. కవరు ఇవ్వడం చెప్పగలిగాను, నెయ్యి చెప్పలేకపోయాను. చివరికి అదీ చెప్పాను. నాకు ఇంగ్లీషు రాదని కూడా చెప్పాను. అది తెలుసండీ అంది. ఉత్తరం తలకిందులుగా పట్టుకుంటారు మీరు అంది.

వసుధ పెన్ను మూత పెట్టింది, తీసింది.

‘మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదండీ.’

‘నాకు తెలుస్తాంది గదమ్మా.’

తప్పు మొదట ఆ దొరలది తాతగారూ అంది. వాళ్ళు నమ్మి చేతికిచ్చి ఉంటే మీ చేతికి వచ్చేదే కాదు, నేను అదే రాస్తాను అంది. ఒక్క ఘడియ హాయిగా అనిపించింది. సముద్రం అవతలివాడి మీదికి పోయింది బరువు. తర్వాత ఆలోచిస్తే — వాడు దాచాడు. నేను తీసి ఇచ్చాను. దాచింది దాచినచోట ఉంది, ఏనాటికైనా దొరికేది. నేను ఇచ్చింది పొయ్యిలో ఉంది.

నా పేరు కూడా రాయమ్మా అన్నాను. పుస్తకం మూసి ఫోను తీసింది.

ఎస్తేరు పెట్టుకున్న వకీలుతో వసుధే మాట్లాడింది. అసలు కాగితం కాలిపోయినా, అది ఉండేదని లండన్ ఉత్తరం చెబుతోంది, ఎట్లా పోయిందో రిజిస్టరు చెబుతోంది. ఆ సంతకం నాదే, నేనే తీసి ఇచ్చాను అని మనిషి వచ్చి బోనులో నిలబడి చెబితే జడ్జీ వింటాడట. మనిషి లేకపోతే రెండూ ఉత్త కాగితాలట.

ఎస్తేరుకు నువ్వు చెప్తావా అన్నాను. లేదండీ, మీరే అంది.

ఆగస్టు 19, మంగళవారం

మంగళవారం మంచి పనికి పోకూడదు.

ఆగస్టు 21, గురువారం

జమ్మలమడుగు. బడి వదిలాక, బడి పక్కనే ఉన్న ఎస్తేరు ఇంట్లో. నన్ను కుర్చీలో కూర్చోమంది, నీళ్ళు తెచ్చింది. తాగితే చెప్పలేనని పక్కన పెట్టాను.

చెప్పాను. ఏడవలేదు, అరవలేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉంది నేను వచ్చేటప్పటికి, ఆ ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. అంతా అయ్యాక అడిగింది.

‘మా నాయిన వచ్చి అడిగిన దినం ఏమన్నావు?’

నువ్వు అంది. మొదటిసారి.

‘లేదన్నా.’

‘ఇంగ?’

‘అంతే.’

‘అంతే గాదు. లేదంటే మా నాయిన అంత చిన్నబోయి రాడు. ఇంటికొచ్చి మూడు దినాలు అన్నం తినలేదు. ఏమన్నావు?’

ఫ్యాను తిరుగుతోంది. పేపర్లు లేస్తున్నాయి. వాటి మీద చెయ్యి పెట్టింది.

‘కాగితాలు దాసిపెట్టుకునేది మీకు యాడొస్చాదప్పా అన్నా.’

లండన్‌వాడు రాసిన మాట. అప్పటికి నేను ఆ ఉత్తరం చదవలేదు. ఎవరూ చదివి వినిపించలేదు. అయినా అదే మాట వచ్చింది నా నోట — వాడి దేశం ఏదో నా ఊరు ఏదో, ఇద్దరం ఒక్క చోటనే కూర్చుని మాట్లాడుకున్నట్టు. పోయిన వారం సోమవారం వసుధ ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి ఇది నా లోపల ఉంది.

ఎస్తేరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు మాత్రమే.

కోర్టుకు వస్తావా అంది. వస్తానన్నాను. పులివెందులవాళ్ళు ఊరుకోరు, తెలుసు గదా అంది. తెలుసన్నాను. నిజంగానే ఆ భయం లేదు నాకు. ఈ వయసులో ఏం చేస్తారు. కోర్టు కూడా ఒక ఆఫీసే. సంతకం, తేదీ, అడిగినదానికి జవాబు. నేను చెయ్యగలిగిన పని.

‘కోర్టు తర్వాత. ముందు ఆదివారం మా గుడికి రా. మా వాళ్ళ ముందర నిలబడి చెప్పు. మా నాయిన అబద్దమాడలేదని, అమ్ముకోలేదని. ఎవురు చేసినారో నీ నోటితోనే చెప్పు.’

చర్చివాడలో అడుగు పెట్టి ఎరగను. ఆ జనం ముందు... వాళ్ళు ఎప్పుడూ నా గడప బయట నిలబడ్డవాళ్ళే.

వస్తానన్నాను. నీళ్ళు తాగకుండానే లేచాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఏం చెప్పాలో నాలుగు వరుసలు రాసుకున్నాను. నాలుగూ ‘నేను’ అని మొదలవుతున్నాయి. చించాను. మళ్ళీ రాశాను.

ఆగస్టు 24, ఆదివారం

పోయాను.

చిన్న గుడి. రేకుల కప్పు. చెప్పులు బయట విడిచాను. పాట మధ్యలో ఉంది. ముందర కుర్చీ వేశారు నాకు, వద్దన్నా వినలేదు. ముసలివాళ్ళు కొందరు నన్ను గుర్తుపట్టారు — బ్యాంకు రెడ్డి అని గుసగుస. ఎస్తేరు ఆడవాళ్ళ వైపు, గోడ దగ్గర.

పాట అయ్యాక పాస్టరు, పెద్దమనిషి ఒకమాట చెప్తాడంట, వినండి అన్నాడు.

లేచాను. జేబులో చీటీ ఉంది. తియ్యలేదు.

చెప్పాను. కాగితం ఉండేది. దొరలు రాసిచ్చింది నిజం. బ్యాంకులో పెట్టింది నిజం. దేవదానం చెప్పింది అక్షరం కూడా అబద్ధం కాదు. ఆయన అమ్ముకోలేదు. ఇంతవరకు గట్టిగానే చెప్పాను. గుడిలో ఒక చప్పుడు — ఊపిరి మాదిరి, అందరిదీ ఒక్కసారే. ఒకాయన తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

ముందర చాప మీద ఒక ముసలామె. కళ్ళలో పొర. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

‘అట్లయితే ఆ కాగితం యాడికి పాయ నాయినా? ఎవురు పోగొట్టిరి?’

‘బ్యాంకోళ్ళు’ అన్నాను.

వచ్చేసింది ఆ మాట. నేను అనలేదు, అదే వచ్చింది — కాదు. నేనే అన్నాను.

ఆమె తల ఊపింది. ఎవురో ఒకరు సెప్పినారు ఇన్నాళ్ళకు అంది. పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సత్యం పలకడానికి ఇంత దూరం వచ్చిన ఈ పెద్దమనిషిని దీవించు తండ్రీ అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నా కోసం. నేను నిలబడే ఉన్నాను. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదేమో అనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత టీ ఇచ్చారు. ఒకాయన వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని, దేవదానాన్ని నేను శానా మాటలన్నానప్పా, నీవల్ల తెలిసింది అని ఏడ్చాడు. ఆయన చేతుల్లోంచి నా చేతులు తీసుకోలేకపోయాను.

సమాధులు చూపించారు. దేవదానం సమాధికి సున్నం కొత్తగా వేశారు. పక్కనే ప్లాటు రాయి, పసుపు రంగు.

ఎస్తేరు బస్టాపు దాకా వచ్చింది. బస్సు కనిపించాక అడిగాను — పన్నెండో తేదీ పదింటికే రావాల్నా?

‘దానికి వస్తావులే’ అంది.

ఆగస్టు 25, సోమవారం

వసుధ హైదరాబాదు పోతూ ఫోను చేసింది. గుడిలో ఎలా జరిగిందండీ అంది. జరిగింది అన్నాను.

పన్నెండున చెబుతాను. జడ్జీ ముందు, పేరు పెట్టి, నేనే అని. అది తప్పదు, తప్పించను. కానీ చర్చివాడ వాళ్ళకు అది కోర్టు నుంచి తెలుస్తుంది — ఎవరో వచ్చి చెబుతారు, ఆ బ్యాంకు రెడ్డేనంట, మన గుడిలో నిలబడి దీవెన తీసుకుని పోయినోడేనంట అని. టీ ఇచ్చిన చేతులతో...

మధ్యాహ్నం రెండింటికి బస్సు ఉంది. ఇవాళ ప్రార్థన ఉండదు, అందరూ పనికి పోయుంటారు. ఇంటి పట్టున ఉండేది ఆ ముసలామె ఒక్కతే. అడిగింది ఆమెనే కదా, ఆమెకు చెబితే చాలు, ఆమె అందరికీ చెబుతుంది. ఎస్తేరుకు తెలియకుండా పోయి రావచ్చు.

చొక్కా తొడిగాను. ఆమె పేరేమిటో నాకు తెలియదు. అడగనే లేదు. ఆ వీధిలో నిలబడి ఏమని పిలవాలి...

ఒకటిన్నర అయింది.